నిద్ర మీద రీసెర్చ్ అంటే నవ్వొద్దు, కానీ సంతకం ఎవరు పెడతారో అడుగుదాం



పోస్ట్ కొంచెం పెద్దది. తీరిక చూసుకుని చదవండి. రాత్రి పదకొండు దాటాక కనిపిస్తే మాత్రం ఫోన్ పక్కన పెట్టి రేపు చదవండి, ఎందుకంటే విషయమే నిద్ర గురించి.

పోయిన నెల మన గ్రూపులో జరిగిన గొడవ మీకు గుర్తుండే ఉంటుంది. పబ్లిక్ హెల్త్‌లో పీజీ చేస్తున్న మన చెల్లి ఒకమ్మాయి, గిరిజన హాస్టళ్లలో ఎనిమిది నుంచి పదో తరగతి దాకా చదివే పిల్లల నిద్ర మీద ప్రాజెక్టు చేద్దామనుకుంటున్నానని రాసింది. కింద వచ్చిన మాటలు రెండు రకాలు. కొందరు నవ్వారు. "పోడు పట్టాలు రాలేదు, నిర్వాసితుల ప్యాకేజీలు తేలలేదు, నువ్వు పిల్లల నిద్ర కొలుస్తావా చెల్లీ" అన్నారు. ఇంకొందరికి కోపం వచ్చింది. "మళ్లీ మన పిల్లల మీద ప్రయోగాలా, భద్రాచలం అప్పుడే మర్చిపోయారా" అన్నారు. ఆ అమ్మాయి ఆ తర్వాత ఒక్క ముక్క కూడా రాయలేదు.

ఏలూరులో, తాడేపల్లిగూడెంలో చదువుకుంటూ, చిన్నాచితకా ఉద్యోగాలు చేసుకుంటున్న మేం కొంతమందిమి రెండు ఆదివారాలు కూర్చుని దీని గురించే మాట్లాడుకున్నాం. మాలో బుట్టాయగూడెం, వేలేరుపాడు వైపు నుంచి వచ్చిన కోయ, కొండరెడ్డి పిల్లలం ఉన్నాం. కైకలూరు, భీమడోలు వైపు కొల్లేటి ఊళ్ల యానాదులం, ఎరుకలం ఉన్నాం. అన్నిటిలో ఒకే మాట మీదికి వచ్చామని చెప్పం. కానీ ఒక్కదాంట్లో అందరిదీ ఒకటే మాట. ఆ అధ్యయనం జరగాలి. నవ్వినవాళ్లది పొరపాటు. కోపం వచ్చినవాళ్ల కోపం న్యాయమైనదే, కాకపోతే అది ఆ చెల్లి మీద చూపించాల్సిన కోపం కాదు.

ముందు నవ్విన అన్నలతో మాట్లాడతాం.

మీ హాస్టల్ రోజులు ఒకసారి గుర్తు తెచ్చుకోండి. మాలో ఎక్కువమందికి గంట 4.45కి మోగేది. చీకట్లో లేచి, బకెట్ పట్టుకుని లైన్లో నిలబడి, 5.30కి స్టడీ అవర్‌లో కూర్చునేవాళ్లం. పుస్తకం తెరిచి ఉండేది, కళ్లు మూసుకుని ఉండేవి. నిద్రపోతే చేతుల మీద బెత్తం, లేదంటే నిలబడి చదవడం. నిలబడి నిద్రపోవడం మేం అక్కడే నేర్చుకున్నాం. రాత్రి స్టడీ అయ్యేసరికి పది. లైట్లు ఆర్పాక కూడా గోల సద్దుమణిగేసరికి పదిన్నర. అంటే మొత్తం నిద్ర ఆరుంబావు గంటలు, అదీ దోమ కుట్టకుండా, కరెంటు పోకుండా, పక్కవాడు కాలు వేయకుండా ఉంటే.

పదమూడు నుంచి పద్దెనిమిదేళ్ల పిల్లలకు రోజుకు 8 నుంచి 10 గంటల నిద్ర కావాలని అమెరికా నిద్ర వైద్యుల సంఘం 2016లో చెప్పింది. తక్కువలో తక్కువ 8 వేసుకున్నా మాకు రాత్రికి గంటా ముప్పావు తక్కువ. ఆదివారం వదిలేసి వారానికి లెక్కేస్తే పదిన్నర గంటలు. ఒక పూర్తి రాత్రి కంటే ఎక్కువ ప్రతి వారం పోగొట్టుకున్నాం, ఐదారేళ్ల పాటు.

"అదంతా అమెరికా పిల్లల లెక్క, మన పిల్లలు గట్టివాళ్లు" అని ఒక అన్న అన్నాడు. ఈ మాట మనల్ని పొగిడినట్టే ఉంటుంది గానీ, మన పిల్లలకు తక్కువ అన్నం చాలు, తక్కువ మందు చాలు అనేవాళ్లు కూడా ఇదే మాటతో మొదలుపెడతారు. ఈడు వచ్చేటప్పుడు ఒంట్లో జరిగే మార్పు కులం, తెగ చూసి జరగదు. చీకటి పడ్డాక మెదడులోంచి మెలటోనిన్ అనే రసాయనం విడుదలై ఒంటికి నిద్ర వేళయిందని చెబుతుంది. యవ్వనంలో అది గంట, రెండు గంటలు ఆలస్యంగా వస్తుంది. కాబట్టి పదిహేనేళ్ల పిల్లాడికి తొమ్మిదింటికి నిద్ర పట్టదు, తెల్లారి ఐదింటికి మెలకువ రాదు. అది బద్ధకం కాదు, ఒళ్లు అలా నడుస్తోంది. మేరీ కార్స్‌కాడన్ అనే శాస్త్రవేత్త 1970ల్లో స్టాన్‌ఫర్డ్‌లో పిల్లలకు వేసవి క్యాంపులు పెట్టి, రోజూ పది గంటలు పడుకునే వీలిచ్చి చూశారు. పెద్దయ్యే కొద్దీ నిద్ర అవసరం తగ్గుతుందని అనుకున్నారట. తగ్గలేదు. తొమ్మిది గంటల పైనే పడుకున్నారు. పైగా, ఈడొచ్చిన పిల్లలకు అంత పడుకున్నా పగలు మగతగా ఉండేది. ఇలాంటి పనుల వల్లనే 2014లో అమెరికా పిల్లల డాక్టర్ల సంఘం హైస్కూళ్లు ఉదయం 8.30 కంటే ముందు మొదలుపెట్టొద్దని చెప్పింది. కాలిఫోర్నియాలో అది చట్టమే అయ్యింది, 2022 నుంచి అమలు. మన దగ్గర 5.30కే పుస్తకం తెరిపిస్తున్నారు.

ఇప్పుడు కొల్లేటి వైపు వద్దాం. హాస్టల్ పిల్లల గురించి అయినా ఎప్పుడో ఒకప్పుడు ఎవరో ఒకరు మాట్లాడతారు, ఈ పిల్లల గురించి మాట్లాడేవాళ్లే లేరు.

చేపల చెరువుల మీద, రొయ్యల చెరువుల మీద కాపలాకి ఉండే కుటుంబాల్లో మన యానాదులు చాలామంది. గట్టు మీద పాక, చుట్టూ నీళ్లు, దగ్గర్లో ఇంకో ఇల్లు ఉండదు. చెరువు పని తెలిసినవాళ్లకి తెలుసు, అసలు గండం తెల్లవారుజామునే. పగలు నీళ్లలోని నాచు ఎండకు ఆక్సిజన్ ఇస్తుంది. రాత్రి అదే నాచు, చేపలు, అడుగునున్న మడ్డి అన్నీ కలిసి ఆ ఆక్సిజన్‌ని తినేస్తాయి. మూడు, నాలుగు గంటలకల్లా నీళ్లలో గాలి అడుగంటి చేపలు పైకి వచ్చి నోళ్లు తెరుస్తాయి. అప్పుడు ఎవరూ చూడకపోతే తెల్లారేసరికి చెరువంతా తేలిపోతుంది. రొయ్యల చెరువైతే ఏరేటర్లు ఆగకూడదు. కరెంటు పోతే జనరేటర్ వేయాలి. చెరువు పోతే ఆ నష్టం కాపలావాడి అప్పులో కలుస్తుంది. కాబట్టి ఇంట్లో ఎవరో ఒకరు మేలుకునే ఉండాలి. నాన్న తాగి పడుకున్నా, అమ్మకు జ్వరం వచ్చినా, టార్చిలైటు పట్టుకుని గట్టు చుట్టూ తిరిగేది పన్నెండేళ్ల పిల్లాడే. మాలో ఒకరం అలా తిరిగినవాళ్లమే. ఏరేటర్ చప్పుడు ఆగితే ఠక్కున మెలకువ వచ్చే అలవాటు తనకి ఇప్పటికీ పోలేదట. ఇప్పుడుంటున్న రూములో ఫ్యాన్ ఆగినా లేచి కూర్చుంటాడు.

ఆ పిల్లాడు పొద్దున బడికి వెళ్తే ఏమవుతుంది? మూడో పీరియడ్‌కి తల బల్ల మీద పెట్టేస్తాడు. టీచర్ రెండు రోజులు లేపుతాడు, మూడో రోజు వదిలేస్తాడు. "ఈళ్లకి చదువు ఎక్కదండీ" అనే మాట అక్కడ పుడుతుంది. పగలు చదివింది మెదడులో కుదురుకునేది రాత్రి నిద్రలోనే అని సైన్స్ చెబుతోంది. నిద్ర తీసేసి చదువు ఎక్కలేదంటే ఎలా? మన పిల్లల్ని మందబుద్ధులన్న ప్రతిచోటా, వాళ్లు నిన్న రాత్రి ఎన్ని గంటలు పడుకున్నారో ముందు అడగాలని మేం అంటాం. ఇన్నేళ్లలో మా ఎవర్నీ ఎవరూ ఆ ప్రశ్న అడగలేదు.

ఇంకో మాట. మన నిద్ర మీద సర్కారు చెయ్యి పడటం కొత్త కాదు. క్రిమినల్ ట్రైబ్స్ చట్టం కింద ఎరుకలను, కొన్నిచోట్ల యానాదులను పుట్టుకతోనే నేరస్తులని రాసుకున్న రోజుల్లో, రాత్రుళ్లు లేచి వెళ్లి హాజరు వేయించుకోవాల్సి వచ్చేది. రాత్రి ఇంట్లో లేకపోతే నేరం. తాతలు, ముత్తాతలు పూర్తి రాత్రి నిద్రపోవడానికి కూడా అనుమతి లేని కాలం అది. 1952 ఆగస్టు 31న ఆ చట్టం పోయింది. చట్టం పోయినా, మన పిల్లల్ని తెల్లారకముందే లేపి లెక్కపెడితే తప్ప దారిలో పడరన్న ఆలోచన ఎక్కడో మిగిలే ఉందని మాలో కొందరి అనుమానం. మిగతావాళ్లు ఇది ఎక్కువ చేసి చెప్పడమే అన్నారు. మీరే ఆలోచించుకోండి.

వార్డెన్ల వైపు నుంచి కూడా చెప్పాలి, లేకపోతే అన్యాయం. పిల్లల్ని పొద్దున్నే లేపేది పగతో కాదు. మా హాస్టల్లో నూట ఎనభై మందిమి. పనిచేసే బాత్రూములు పది. ఒక్కోదానికి పద్దెనిమిది మంది. తలా ఏడు నిమిషాలు వేసుకున్నా రెండు గంటలు దాటుతుంది. ఏడింటికల్లా అందరూ తయారవ్వాలంటే మొదటి బ్యాచ్ ఐదింటికి ముందే లేవాలి. ఒక బ్యాచ్ లేస్తే గోలకి హాలంతా లేచిపోతుంది. ఇది తేల్చుకున్నాక మాకే నవ్వొచ్చింది. మా నిద్ర పోయింది బాత్రూముల దగ్గరన్నమాట! ఇంకో పది బాత్రూములు కట్టి ఉంటే గంటసేపు ఎక్కువ పడుకునేవాళ్లం. క్రమశిక్షణ అని మాకు చెప్పినదాంట్లో సగం నీళ్ల సమస్యే.

అందుకే మంచి అధ్యయనం కావాలంటున్నాం. మంచంటే, పిల్లాడి చేతికి వాచీ లాంటి యంత్రం కట్టి గంటలు లెక్కపెట్టి వెళ్లిపోయేది కాదు. ఆ గంటలు ఎందుకు తగ్గాయో బాత్రూము దాకా, చెరువు గట్టు దాకా వెళ్లి చూసేది.

చెన్నైలో అలాంటిది ఒకటి జరిగింది. ఫ్రాంక్ షిల్‌బాక్, గౌతమ్ రావు లాంటి ఆర్థికవేత్తలు పేద కూలీజనం చేతులకు యంత్రాలు కట్టి చూశారు. 2021లో అచ్చయింది. పడక మీద ఉండేది ఎనిమిది గంటలు, నిజంగా నిద్రపోయేది ఐదున్నర గంటలే. వేడి, దోమలు, చప్పుడు, చిన్న ఇల్లు. నిద్ర గురించి సలహాలు, కళ్లగంతలు, చెవుల్లో పెట్టుకునే బిరడాలు ఇచ్చి రాత్రి నిద్రని అరగంట దాకా పెంచారు. దానివల్ల పనిలో పెద్ద తేడా ఏమీ కనిపించలేదు. మధ్యాహ్నం ప్రశాంతమైన చోట అరగంట కునుకు తీయనిస్తే మాత్రం తేడా వచ్చింది. దీన్నుంచి మాకు అర్థమయ్యేదేంటంటే, ముక్కలు ముక్కలుగా తెగే నిద్రకి ఇంకో అరగంట చేర్చి లాభం లేదు, తెగకుండా చూడాలి. మన హాస్టళ్లలో మధ్యాహ్నం భోజనం అయ్యాక ఇరవై నిమిషాలు పిల్లల్ని పడుకోనివ్వడానికి ఏం ఖర్చవుతుంది? వాళ్లు ఎటూ పడుకుంటున్నారు, లెక్కల పీరియడ్‌లో.

మన లాంటి జనాల మధ్య జరిగిన పనులూ ఉన్నాయి. అర్జెంటీనాలో టోబా-కోమ్ అనే ఆదివాసీలున్నారు. వాళ్ల ఊళ్లలో కొన్నిటికి కరెంటు ఉంది, కొన్నిటికి లేదు. హొరాసియో డి లా ఇగ్లేసియా అనే శాస్త్రవేత్త బృందం రెండు చోట్లా చూస్తే, కరెంటు ఉన్న ఊళ్లలో జనం దాదాపు గంట తక్కువ నిద్రపోతున్నారు. అదే బృందం 2021లో ఇంకో సంగతి బయటపెట్టింది. పున్నమికి ముందు రోజుల్లో జనం ఆలస్యంగా, తక్కువసేపు పడుకుంటారట. సాయంత్రం వెన్నెల ఉండేది ఆ రోజుల్లోనే కదా. సియాటెల్ నగరంలో కాలేజీ పిల్లల్లోనూ అదే కనిపించింది. వెన్నెల రాత్రుల్లో రేలా ఆడిన మన అవ్వలకు ఇది చెబితే "దీనికి అంత చదువు చదవాలా" అంటారు. కానీ అది కొలిచి కాగితం మీద పెట్టేసరికి ప్రపంచం నమ్మింది.

మాకు అన్నిటికంటే నచ్చింది ఆస్ట్రేలియాది. క్వీన్స్‌లాండ్‌లో మౌంట్ ఐసా అనే గనుల పట్నం ఉంది. ఆ ప్రాంతంలో ఆదివాసీ కుర్రకారు నిద్ర మీద యాకూత్ ఫాతిమా అనే పబ్లిక్ హెల్త్ పరిశోధకురాలు పనిచేస్తున్నారు. ఆ కార్యక్రమం పేరు 'లెట్స్ యార్న్ అబౌట్ స్లీప్'. యార్న్ అంటే అక్కడి ఆదివాసీల వాడుకలో కూర్చుని ముచ్చట్లాడుకోవడం. నిద్ర గురించి ముచ్చట్లాడుకుందాం రండి, అంతే. బయటి డాక్టర్ వచ్చి పాఠం చెప్పి వెళ్లకుండా, అక్కడి ఆదివాసీలకే శిక్షణ ఇచ్చి నిద్ర కోచ్‌లుగా తయారుచేశారు. వాళ్ల పెద్దల దగ్గరున్న సంగతుల్ని, కొత్త సైన్స్‌ని కలిపి, ఊరివాళ్లతో కూర్చుని కార్యక్రమం తయారుచేసుకున్నారు. పిల్లలతో మాట్లాడేది పిల్లలకు తెలిసిన అక్క, తెలిసిన అన్న. మన చెల్లి చేయాలనుకుంటున్నది ఇదే కదా. మౌంట్ ఐసాలో బయటివాళ్లు లోపలివాళ్లను వెతుక్కుని తయారుచేసుకోవాల్సి వచ్చింది. మన దగ్గర లోపలిమనిషే ముందుకొస్తే మనం నవ్వి పంపించేశాం.

ఇక కోపం వచ్చినవాళ్ల దగ్గరికి.

భద్రాచలం మేం మర్చిపోలేదు. ఈ గ్రూపులో చిన్నవాళ్లకు తెలియకపోవచ్చు కాబట్టి మళ్లీ చెబుతాం. 2009లో అప్పటి ఖమ్మం జిల్లాలో భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో పది నుంచి పద్నాలుగేళ్ల ఆడపిల్లలు దాదాపు 14,000 మందికి హెచ్‌పీవీ టీకా వేశారు. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా వేసే టీకా అది. పాథ్ అనే అమెరికా సంస్థ, ఐసీఎంఆర్, రాష్ట్ర ప్రభుత్వం కలిసి చేసిన ప్రాజెక్టు. చాలామంది హాస్టల్ పిల్లలు, మన పిల్లలు. కొందరు చనిపోయారు. గొడవ అయ్యి 2010 ఏప్రిల్‌లో ఆపేశారు. చావులకు టీకా కారణం కాదని ప్రభుత్వ విచారణ చెప్పింది. టీకా మంచిదా చెడ్డదా అన్నది ఈ పోస్టు విషయం కాదు. ప్రపంచమంతా వేసుకుంటున్నారు, క్యాన్సర్ తగ్గుతోంది కూడా. మన విషయం సంతకాలు. పార్లమెంటు స్థాయీ సంఘం 2013 ఆగస్టులో ఇచ్చిన నివేదికలో ఉంది: ఆంధ్రప్రదేశ్‌లో చూసిన 9,543 అనుమతి పత్రాల్లో 1,948 మీద వేలిముద్రలు, 2,763 మీద హాస్టల్ వార్డెన్ల సంతకాలు. అమ్మానాన్నలు బతికే ఉన్నారు. ఊళ్లో పోడు చేసుకుంటున్నారు. వాళ్లకి ఎవరూ చెప్పలేదు, పిల్లలకీ అర్థమయ్యేలా చెప్పలేదు. వేలేరుపాడు, కుక్కునూరు అప్పుడు ఖమ్మం జిల్లాలోనే ఉండేవి. 2014లో ఆంధ్రాలో కలిసి, ఇప్పటి ఏలూరు జిల్లా ఏర్పడినప్పుడు అందులోకి వచ్చాయి. అంటే ఇది ఎక్కడో జరిగిన కథ కాదు.

నిద్ర మీద అధ్యయనంలో సూది ఉండదు, మందు ఉండదు, ప్రమాదం ఏముంది అని అనొచ్చు. మాకు వేరేలా తోస్తోంది. ఆ టీకా విషయంలో వార్డెన్ మధ్యవాడు మాత్రమే. నిద్ర విషయంలో గంట కొట్టేది వార్డెన్, లైటు ఆర్పేది వార్డెన్, స్టడీలో నిద్రపోతే కొట్టేదీ ఆయన పెట్టిన మనిషే. ఆయన సంతకంతో, ఆయన గదిలో, ఆయన ఎదురుగా పిల్లని కూర్చోబెట్టి "రాత్రి బాగా నిద్రపోతున్నావా అమ్మా" అని అడిగితే ఏం చెబుతుంది? "బాగా పడుతుంది సార్" అంటుంది. ఆ జవాబు కంప్యూటర్‌లోకి ఎక్కుతుంది. గిరిజన హాస్టళ్లలో పిల్లలు హాయిగా నిద్రపోతున్నారని రిపోర్టు వస్తుంది. ఇలాంటి అధ్యయనం జరక్కపోవడమే మేలు.

రూల్స్ లేక కాదు. ఐసీఎంఆర్ 2017లో తెచ్చిన నియమావళిలో అన్నీ ఉన్నాయి. పిల్లల మీద పరిశోధనకి తల్లిదండ్రుల అనుమతి కావాలి, ఏడేళ్లు దాటిన పిల్లల ఒప్పుదల కూడా కావాలి. గిరిజన ప్రాంతంలో అయితే ఊరి పెద్దలకూ చెప్పి చేయాలి, కానీ పెద్దలు ఒప్పుకున్నారు కదా అని ఒక్కొక్కరి అనుమతి మానేయకూడదు. ఇది చదివాక మాకు తోచిన షరతులు ఇవి. వార్డెన్ సంతకం చెల్లదు. నెలకోసారి పిల్లల్ని చూడ్డానికి వచ్చే రోజు అమ్మానాన్నలకి కోయలోనో, వాళ్లకు వచ్చిన తెలుగులోనో చెప్పి, వద్దంటే వద్దనే వీలివ్వాలి. పిల్లలతో మాట్లాడేటప్పుడు సిబ్బంది ఎవరూ ఆ చుట్టుపక్కల ఉండకూడదు. పేరు తీసేస్తే చాలదు. ఒక హాస్టల్లో కొండరెడ్డి పిల్లలు ఇద్దరే ఉంటే, 'కొండరెడ్డి, తొమ్మిదో తరగతి, బాలిక' అని రాస్తే ఆమె ఎవరో అందరికీ తెలిసిపోతుంది. తేలిన సంగతులు జర్నల్‌లో రావడానికి ముందు ఊళ్లో గ్రామసభలో చెప్పాలి. ఫిఫ్త్ షెడ్యూల్ ఊళ్లలో పెసా ఉన్నది ఇలాంటి వాటికి కూడా. ఇక ఈ ప్రశ్న ముందే వేసుకోవాలి: తప్పు టైంటేబుల్‌ది అని తేలితే, ఐటీడీఏకి ఆ మాట చెప్పే ధైర్యం ఈ అధ్యయనానికి ఉందా? లేకపోతే చివరికి "పిల్లలు ఫోన్లు చూస్తున్నారు, తల్లిదండ్రులకు అవగాహన లేదు" అని రాసి ముగించేస్తారు. ఫోన్ సంగతి నిజమే, మనందరికీ తెలుసు. సెలవులకు ఇంటికెళ్లిన తమ్ముళ్లు రెండింటిదాకా రీల్స్ చూస్తున్నారు. కానీ హాస్టల్లో ఫోన్ లేదు, అయినా నిద్ర లేదు.

మా రెండో ఆదివారం కూర్చున్నప్పుడు ఒక అక్క చెప్పిన సంగతి రాయకుండా ఉండలేం. తన అనుమతితోనే రాస్తున్నాం. ఏడో తరగతిలో ఆమెకి పక్క తడిసేది. రోజూ పొద్దున్నే అందరి ముందు చాప ఉతికించేవాళ్లు. ఆ భయానికి ఆమె సాయంత్రం నాలుగు నుంచి నీళ్లు తాగడం మానేసింది. రాత్రంతా మేలుకుని ఉండేది, నిద్రపోతే తడుస్తుందని. కొన్నాళ్లకి కీళ్ల నొప్పులు మొదలయ్యాయి, నాటకాలాడుతున్నావన్నారు. డిగ్రీకి వచ్చాక పరీక్ష చేయిస్తే సికిల్ సెల్ అని తేలింది.

సికిల్ సెల్ ఉన్న పిల్లల కిడ్నీలు నీటిని సరిగా ఆపుకోలేవు, అందుకని పక్క తడపడం వాళ్లలో ఎక్కువ. ఒంట్లో నీళ్లు తగ్గితే రక్తకణాలు వంకర తిరిగి నొప్పులు వస్తాయి. అంటే నీళ్లు మానేయడం వల్లే ఆమె నొప్పులు పెరిగి ఉండొచ్చు. రాత్రి నిద్రలో ఆక్సిజన్ పడిపోవడం కూడా ఈ పిల్లల్లో కనిపిస్తుంది. 2023 జూలై 1న కేంద్రం సికిల్ సెల్ నిర్మూలన మిషన్ మొదలుపెట్టింది. గిరిజన ప్రాంతాల్లో నలభై ఏళ్ల లోపు వాళ్లందరికీ పరీక్షలు చేస్తామన్నారు, 2047కల్లా పోగొడతామన్నారు. మంచిదే. కానీ హాస్టల్లో పక్క తడిపే పిల్లని, రాత్రి కాళ్లు పట్టుకుని ఏడ్చే పిల్లని ముందు గుర్తుపట్టేది పక్కన పడుకున్న స్నేహితురాలు. నిద్ర గురించి ఎవరైనా సరిగ్గా, మర్యాదగా అడిగి ఉంటే ఆ అక్కకి ఎనిమిదేళ్ల ముందే తెలిసేది. పోడు పట్టాలు ముఖ్యం, నిద్ర చిన్న విషయం అన్న అన్నలకు మా జవాబు ఇదొక్కటే.

2020 డిసెంబర్‌లో ఏలూరులో జనం ఉన్నట్టుండి మూర్ఛ వచ్చి పడిపోయినప్పుడు ఢిల్లీ ఎయిమ్స్ నుంచి, హైదరాబాద్ ఎన్ఐఎన్ నుంచి రోజుల్లోనే బృందాలు దిగాయి. రక్తం తీశారు, నీళ్లు తీశారు, కూరగాయలు తీశారు. వందల మంది ఒకేసారి పడిపోయారు కాబట్టి అందరికీ కనిపించింది. మన పిల్లలు బెంచీల మీద పడిపోవడం ఏళ్ల తరబడి సాగుతోంది, రోజుకు కొందరు, ఒక్కో క్లాసులో ఇద్దరు ముగ్గురు. దానికి ఏ బృందమూ రాదు. ఏలూరులో ఇప్పుడు ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఉంది, 2023లో మొదలైంది. బుట్టాయగూడెం మండలం కె.ఆర్.పురంలో ఐటీడీఏ ఉంది. ఈ రెండిటి మధ్య దూరం బస్సులో ఓ పూట ప్రయాణం. ఒక డాక్టర్, ఒక మన చెల్లి, కోయ మాట్లాడే ఇద్దరు ఉంటే మొదలుపెట్టొచ్చు.

అధ్యయనం పూర్తయ్యేదాకా ఆగక్కర్లేని పనులు కూడా ఉన్నాయి. గంట 6కి మార్చడానికి ఏ రిపోర్టూ అక్కర్లేదు. పదో తరగతి రిజల్ట్ పడిపోతుందని హెచ్‌ఎంలు భయపడతారు, పైనుంచి వాళ్ల మీద ఒత్తిడి ఉంది, అది మాకు తెలుసు. రెండు హాస్టళ్లలో ఒక టర్మ్ మార్చి చూడమనండి, మార్కులు వాళ్లే చూసుకుంటారు. దోమతెరలు ఇస్తున్నారు, కట్టడానికి మేకు లేదు. నేల మీద చాపలేసుకుని పడుకునే హాల్లో తెర ఎక్కడ కడతారు? ఒక తీగ లాగితే పోయేదానికి తెరలన్నీ స్టోర్ రూములో మూట కట్టి ఉన్నాయి. ఇది మేం కళ్లారా చూసింది. చెరువుల మీది పిల్లలకైతే ఇంత తేలిక కాదు. కాపలా కూలి పెరిగి ఇద్దరు పెద్దవాళ్లు వంతులవారీగా మేలుకునే వీలుంటే తప్ప ఆ పిల్లాడి చేతిలోంచి టార్చి దిగదు. అది నిద్ర మీద పోరాటం కాదు, కూలి మీద పోరాటం. దాని మీద వేరే పోస్ట్ రాస్తాం.

చెల్లీ, ఇది నువ్వు చదువుతున్నావని అనుకుంటున్నాం. నవ్వినందుకు మాలో ఇద్దరు సారీ చెప్పమన్నారు, చెబుతున్నాం. నీ ప్రశ్నల కాగితం గ్రూపులో పెట్టొద్దు, మాకు విడిగా పంపు. కోయలోకి మార్చడానికి వేలేరుపాడు తమ్ముడు, బుట్టాయగూడెం అక్క సిద్ధంగా ఉన్నారు. 'నిద్రలేమి' అనే మాట పిల్లలకు అర్థం కాదు, దాన్ని తీసెయ్. 'రాత్రి ఎన్నిసార్లు లేస్తావు, ఎందుకు లేస్తావు' అని అడుగు. పక్క తడపడం గురించి ఆడపిల్లల్ని ఆడవాళ్లే అడగాలి, ఒంటరిగా అడగాలి. చెరువు గట్ల మీది పిల్లలు హాస్టల్ లిస్టులో దొరకరు. వాళ్ల కోసం కైకలూరు వైపు రావాలి, సాయంత్రం వస్తే కుదరదు, మేత వేసే టైం. మధ్యాహ్నం రా, మేం బస్టాండ్‌లో ఉంటాం.